నర్సప్ప లారీ బానెట్‌కు నేను వేసిన మాటు

పిల్లలూ, మొన్న మిక్సీ మూత విరిగితే మీ అమ్మ దాన్ని నా కంటపడకుండా అలమరలో దాచింది. ఎందుకని మీరు అడిగితే నవ్వి ఊరుకుంది. కారణం జహీరాబాద్‌లో ఉంది. మీరు ఇంత దూరాన జబల్‌పూర్‌లో పుట్టి పెరిగారు కాబట్టి ఆ సంగతి మీ చెవిన పడలేదు. ఇంకొకరు చెప్పేలోపు నేనే చెబుతాను. ఒక చిన్న రిపేరు వల్ల మా ఇంటి లారీకి ఉన్న ఒకే ఒక్క డ్రైవరు మమ్మల్ని వదిలి వెళ్ళబోయాడు. ఆ రిపేరు చేసింది నేనే.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. పాలిటెక్నిక్‌లో మెకానికల్, రెండో ఏడు. మీ తాతకు ఒక పాత లారీ ఉండేది. చలికాలమంతా మొగుడంపల్లి వైపు నుంచి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలేది. నడిపేది నర్సప్ప. న్యాల్‌కల్ వైపు మనిషి, సగం తెలుగు, సగం కన్నడం. ఆ లారీకి రెండో గేరు ఎక్కడుందో ఆయనొక్కడికే తెలుసు. ఇంకెవరు పట్టినా గరగరమనేది తప్ప పడేది కాదు.

ఆ లారీలకు ఇంజన్ సగం క్యాబిన్ లోపలే, డ్రైవరు పక్కన గూనిలా లేచి ఉండేది. దాని మీద ఒక రేకు మూత. బానెట్ అనేవాళ్ళు. మా బానెట్‌కు ఒక పక్క క్లిప్పు విరిగింది, జాకీ పడి సొట్టపోయింది. బండి నడుస్తుంటే ఒకటే డబడబ. నర్సప్ప రెండు రోజులు ఊరికి వెళ్ళినప్పుడు, దాన్ని వెల్డింగ్ షాపులో ఇచ్చి క్లిప్పు పెట్టించుకు రమ్మని తాత నాతో చెప్పారు. క్లిప్పు ఒక్కటే.

మెకానికల్ చదివే కొడుకు ఇంట్లో ఉండగా షాపు ఎందుకు? బోల్టులు విప్పి, బానెట్‌ను మోసుకొచ్చి వాకిట్లో మంచం మీద పెట్టాను. మా అమ్మ, అక్కడ ఆరబోసిన అల్లాన్ని ఏమీ అనకుండా దూరంగా జరుపుకుంది. సుత్తితో సొట్ట తీశాను. క్లిప్పు బిగించాను. అక్కడితో ఆగి ఉంటే మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

బానెట్ వెనక భాగంలో గుండ్రంగా ఒక కన్నం కనిపించింది. అరచెయ్యి పట్టేంత. ఇంజన్ వేడీ పొగా అంతా ఇందులోంచే పాపం నర్సప్ప మీదికి కొడుతోంది కదా అని నా ప్రాణం ఉసూరుమంది. తుప్పు తినేసిందనుకున్నాను. అంచు తడిమి చూస్తే ఆకురాయితో రుద్దినట్టు నున్నగా ఉంది. తుప్పు ఇంత శ్రద్ధగా తింటుందా అని ఆశ్చర్యపోయాను కూడా. అంతకుమించి ఆలోచించలేదు.

నూనె డబ్బా రేకు కత్తిరించి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క వేశాను. ఆరు రివెట్లు చాలు. మనసొప్పక పద్దెనిమిది కొట్టాను. ఎండకు ఎత్తి పట్టి చూస్తే సూదిమొనంత వెలుగు కూడా రాలేదు. పైన ఆకుపచ్చ రంగు, రెండు పూతలు.

నర్సప్ప వచ్చాడు. క్యాబిన్ ఎక్కి, ఆ మాటును చాలాసేపు చూశాడు. రివెట్లను ఒక్కొక్కటే వేలితో నొక్కాడు.

"నువ్వే చేసినవా, చిన్న పటేలా?"

"అవును మామా."

"గట్టిగనే ఉన్నది" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఆ రోజు పొద్దుగూకేలోపు తిరిగి రావలసిన లారీ మర్నాడు వచ్చింది. రెండో ట్రిప్పూ అంతే. మా తరవాత బయలుదేరిన బళ్ళు మాకంటే ముందు ఖాళీ అయి వచ్చేశాయి. నర్సప్ప మొహం ముడుచుకునే ఉన్నాడు. నాకు భయం పట్టుకుంది. మూత సందుల్లోంచి ఇంకా వేడి కొడుతోందేమో! పాత సైకిల్ ట్యూబు కోసి, బానెట్ అంచు పొడుగునా రబ్బరు పట్టీ అంటించాను. ఇక ఆవిరి కూడా బయటికి రాదు.

మూడో రోజు నర్సప్ప తాళంచెవి తెచ్చి తాత ముందు పెట్టాడు. వేరే బండి చూసుకుంటానన్నాడు.

ఫ్యాక్టరీ నుంచి కోత పర్మిట్ వచ్చి, చెరుకు నరికి చేలో పడేశాం. అది రోజు రోజుకూ ఎండిపోతోంది. రెండో గేరు వేయగలిగిన మనిషి వెళ్ళిపోతానంటున్నాడు. ఎవరైనా మాట అన్నారా, తిండికి ఇబ్బందా, ఒంట్లో బాగాలేదా అని తాత ఒక్కొక్కటే అడిగారు. ప్రతిదానికీ ఒకటే జవాబు, ఏం లేదు పటేల్, బండి మంచిగనే ఉన్నదని. చెప్పిన ప్రతిసారీ నా వైపు చూస్తున్నాడు. నేను ఊరుకోలేక, ఇంకో వరస రబ్బరు వేయమంటావా మామా అని అడిగాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు అమ్మ వచ్చింది. చేతిలో నర్సప్ప అల్యూమినియం గిన్నె. ఆయన టిఫిన్ డబ్బాతో పాటు అది కూడా రోజూ తోమడానికి మా ఇంటికే వచ్చేది. కింది సగం మాడి నల్లగా, పై సగం తెల్లగా ఉండేది. ఈ మూడు రోజులుగా అది వాడకుండానే తిరిగి వస్తోంది.

"నర్సన్నా, ఇప్పుడు చాయ్ యాడ పెట్టుకుంటున్నవు?" అని అడిగింది.

నర్సప్ప తల దించుకున్నాడు. తరవాత మెల్లగా చెప్పాడు. ఆ కన్నం తనే కోసుకున్నాడట. సరిగ్గా దాని కిందే ఇంజన్‌లో బాగా కాలే గొట్టం ఉంది. పైకి వెడల్పయ్యే గిన్నె కన్నంలోకి సగం దిగి, కన్నం అంచు మీద ఆగుతుంది. ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో పూటలకు పూటలు నిలబడాలి. డ్రైవర్లంతా గిలాసలు పట్టుకుని ఈయన క్యాబిన్ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ చాయ్ కోసం మా లారీని ముందుకు వదిలేవాళ్ళు. చాయ్ ఆగింది, మా బండి లైను చివరికి పోయింది. అడగకుండా యజమాని బండికి కన్నం పెట్టినవాడు, అది ఎందుకు పూడ్చారని ఏ మొహంతో అడుగుతాడు?

"ఇన్నేండ్లు అందరికి నేను పోసిన పటేల్. ఇప్పుడు నేను గిలాస పట్టుకొని ఒకల బండి కాడ నిలవడ్డ."

కన్నం సంగతికి తాత కోప్పడతారనుకున్నాను. కోప్పడ్డారు, నా మీద. "పొద్దుగూకేలోపల ఆ బొక్క మళ్ల రావాలె" అన్నారు.

ఈసారి పొరపాటు జరగకూడదు. గిన్నె తెచ్చి, అంచు నుంచి అంచుకు మూడు చోట్ల కొలిచాను. కాగితం మీద కంపాస్‌తో గీసి, కత్తిరించి, రేకు మీద అంటించి, గీత తప్పకుండా ఉలితో కోశాను. పద్దెనిమిది రివెట్లూ ఆ గీత లోపలే పోయాయి. ఆకురాయితో రుద్దాను. పాతదానికంటే అందంగా వచ్చింది.

బానెట్ బిగించాక తాత తాళంచెవి నర్సప్పకు ఇచ్చి, ఒక్కసారి చూడమన్నారు. ఆయన ఇంజన్ స్టార్ట్ చేశాడు. పాలు, నీళ్ళు, చక్కెర, చాయ్‌పత్తా అన్నీ వేసిన గిన్నెను నేనే కన్నంలోకి దించాను. చెయ్యి వదిలాను.

గిన్నె ఆగలేదు.

గిన్నె సగంలో ఆగాలంటే కన్నం గిన్నె అంచుకంటే చిన్నదిగా ఉండాలి. నేను అంచుతో సహా కొలిచాను. గిన్నె తిన్నగా ఇంజన్ మీదికి దిగిపోయింది. చుయ్యిమని ఆవిరి లేచింది. మాడిన పాల వాసన వీధి చివరిదాకా పోయింది.

నర్సప్ప ఇంజన్ ఆపాడు. కన్నంలోకి వంగి చూశాడు. ఇక ఈ మనిషి మా గడప తొక్కడనుకున్నాను.

"చదువుడు అయినంక ఏం చేస్తవు, చిన్న పటేలా?"

"ఫ్యాక్టరీలో కొలువు చేస్త మామా."

"లారీలు చేసే ఫ్యాక్టరీల కాదు గద?"

తాత ముందు నవ్వారు. తరవాత అమ్మ. నర్సప్ప తాళంచెవి తీసి తాతకు ఇవ్వబోయి, ఆగి, తన జేబులోనే వేసుకున్నాడు. మూడు రేకు ముక్కలు వంచి కన్నం అంచున బిగించాడు, గిన్నె వాటి మీద కూర్చుంది. పది నిమిషాల పని. మర్నాడు మా లారీ పొద్దు ఉండగానే ఖాళీ అయి వచ్చింది.

మీరు పెద్దయ్యాక ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి. నా పేరు దాచకండి. ఇప్పుడు నేను ఇక్కడ లారీలు చేసే ఫ్యాక్టరీలోనే, ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నానని, ఇతరులు చేసినవి కొలిచి చూడడమే నా పని అని, నన్ను ఏదీ చెయ్యమని ఎవరూ అడగరని కూడా చెప్పండి. గిన్నె పడిందని చెప్పండి. కొలత మాత్రం తప్పు కాదని చెప్పండి. అంచు నుంచి అంచుకు ఆరున్నర అంగుళాలు. మూడుసార్లు చూశాను.