బైబులమ్మ బావి

బైబులమ్మ గారు పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. విస్సన్నపేటలో నేను పనిచేసే బడి రోడ్డు పక్కనే ఉంటుంది. తిరువూరు నుంచి వచ్చే పొద్దుటి బస్సు ఆగినప్పుడు అతను మెట్టు మీద నుంచే, "టీచరమ్మా, మీ పక్కింటి మామ్మ రాత్రి పోయిందంట. నీళ్ళు పోసేలోపు రమ్మన్నాడు మీ నాన్న" అని చెప్పి రైట్ అన్నాడు. బస్సు కదిలిపోయాక కూడా నేను సుద్దముక్క పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిడకు వయసయింది, జబ్బు చేసింది, అన్నీ తెలుసు. అయినా నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇక బావి దగ్గర ఎవరుంటారు అనిపించింది.

బైబులమ్మ అన్నది ఆవిడ పేరు కాదు, ఉద్యోగం. మిషన్ దొరల కాలం నుంచీ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం ఆవిడ పని. తెల్లచీర, చేతిలో వెదురు కర్ర. కర్ర కుక్కల కోసమని చెప్పేది గానీ మా పేటలో కుక్కలన్నీ ఆవిడ వెనకే తిరిగేవి. నాకు మాత్రం ఆవిడ మామ్మ. చుట్టరికం ఏమీ లేదు. మా రెండిళ్ళకీ గోడ ఒకటే, చుట్టుపక్కల నాలుగిళ్ళకీ బావి ఒకటే. ఆ బావి ఆవిడ పెరట్లో ఉంది.

రాతికట్టు బావి అది. రాళ్ళ సందుల్లో పీతలుండేవి. చిన్నప్పుడు ఒకసారి చేదలో పీత వస్తే నేను చేద వదిలేసి పరుగెత్తాను. మామ్మ దాన్ని పట్టుకుని మళ్ళీ బావిలోకి వదిలేసి, "దాన్ని చూసి భయపడతావేంటే? మన బావికి కాపలాదారు అది. అది నీళ్ళలో ఉన్నంతకాలం నువ్వు నిశ్చింతగా తాగు" అంది.

నేను టీచరునయ్యానంటే ఆవిడ చలవే. సండే స్కూల్లో నా చేత అందరి ముందూ చదివించేది. నాకు గొంతు వణికేది. "వణికితే ఆగు. నీళ్ళు తాగు. మళ్ళీ చదువు. ఆపేసి మాత్రం కూర్చోమాకు" అనేది. ఈ మాట ఇప్పుడు నేను మా బడి పిల్లలకు చెబుతుంటాను, నా సొంత మాటలాగా.

ఊరికి ఎగువన, వాగు గట్టున చక్కెర ఫ్యాక్టరీ వచ్చినప్పుడు అందరం సంతోషించాం, అబద్ధమెందుకు? మా నాన్నకు సీజను పని దొరికింది. చర్చికి కంపెనీ రేకులు వేయించింది. ఒక క్రిస్మసుకు మేనేజరు గారు వచ్చి, చెరుకులో పారేసేది ఏదీ లేదని మాకు విడమరిచి చెప్పారు. రసంతో పంచదార, పిప్పి బాయిలర్లోకి, మడ్డి పొలాలకు ఎరువు. చివరికి మిగిలే నల్లటి పాకం మొలాసిస్, దాన్ని పులియబెట్టి స్పిరిట్ తీసే డిస్టిలరీ కూడా కడుతున్నారట. అందరం చప్పట్లు కొట్టాం. మామ్మ లేచి నిలబడింది.

"అన్నీ వాడుకోంగా ఇంకా ఏదో ఒకటి మిగులుద్ది గదా బాబూ. అదెక్కడ పోస్తారు?"

"మిగిలేదేముందమ్మా, ఉత్త నీళ్ళే" అని ఆయన నవ్వారు. తల మీద కొత్త రేకులున్నాయి కదా, మేమూ నవ్వాం. మామ్మ కూర్చుంది గానీ నవ్వలేదు. షుగరు ఫ్యాక్టరీ పక్కన ఉంటూ బెల్లం కాఫీ తాగే మనిషి ఇలాగే ఉంటుందని మా అమ్మ ఆటపట్టించేది.

డిస్టిలరీ మొదలయ్యాక గాలి మారింది. పులిసిన కుడితికి, మాడిన పాకానికి మధ్యస్థంగా ఉండే ఒక వాసన అన్నంలోకీ, తల వెంట్రుకల్లోకీ దూరింది. ఆరేసిన బట్టల మీద పిప్పి మసి రాలేది. మా గేదె వాగు దాకా వెళ్ళి, మూతి ముంచబోయి, వెనక్కి తిరిగి వచ్చేసేది. గేదె నీళ్ళను కాదనడం నేనెప్పుడూ చూడలేదు. మా అన్న దాన్ని కొట్టి మళ్ళీ తోలితే అతని వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది. అవి ఎమర్జెన్సీ రోజులు. గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ మెల్లగానే మాట్లాడుకునేవాళ్ళు.

మా సంఘంలో బాప్తిస్మం అంటే వాగులో మునగడమే, అదీ ఈస్టరు నాడు. ప్రతిసారీ అందరికంటే ముందు మామ్మ దిగి, కర్రతో లోతు చూసి రమ్మనేది. ఆ ఏడు మునగబోయేవాళ్ళలో నేనూ ఉన్నాను. తెల్లబట్టల్లో ఒడ్డున వరసగా నిలబడ్డాం. కట్ట మీద కంపెనీ జీపు ఆగి ఉంది. మేనేజరు గారు అతిథిగా వచ్చి, బాప్తిస్మం పొందినవాళ్ళకు తలా ఒక పంచదార పొట్లం ఇవ్వబోతున్నారు. మా నాన్న జీపు పక్కన చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆ సీజనులో ఆయన్ను పర్మనెంటు చేస్తామని మాటిచ్చారు.

మామ్మ నడుం లోతుకు వెళ్ళి ఆగిపోయింది. ఆవిడ నీళ్ళకేసి చూడటం లేదు, ఒడ్డున రాళ్ళకేసి చూస్తోంది. అప్పుడు మేమూ చూశాం. రాళ్ళన్నిటి మీదా పీతలు ఎక్కి కూర్చున్నాయి. ఇంతమంది మనుషులున్నా ఒక్కటీ కదలడం లేదు. మామ్మ ఒడ్డు దాకా వచ్చి ఒక పీతను పట్టుకుని నీళ్ళలో వదిలింది. అది మళ్ళీ రాయెక్కింది. ఇంకోసారి వదిలింది. ఇంకోసారి ఎక్కింది.

"ఎవ్వరూ దిగొద్దు" అంటూ ఆవిడ కర్రను రెండు చేతులతో అడ్డంగా పట్టుకుంది.

పాస్టరు అయ్యగారు జీపు వైపు ఒకసారి చూశారు. "నీళ్ళు తేటగానే ఉన్నాయి గదమ్మా. పిల్లలు ఉపవాసంతో ఉన్నారు."

"పీతకి జీతం లేదండీ అయ్యగారూ. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పుద్ది."

అప్పుడు మా నాన్న కట్ట మీద నుంచి, "దిగమ్మా" అన్నాడు నాతో. ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. నేను ఒక అడుగు వేశాను. మామ్మ కర్ర నా ఛాతీకి తగిలి ఆగింది. ఆవిడ నా మొహంలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. నేను వెనక్కి వచ్చేశాను.

కాసేపటికి ఎగువ మలుపులోంచి నురగ కనిపించింది. ఆ వెనకే డికాషన్ రంగు నీళ్ళు వచ్చి మామ్మ మోకాళ్ళ చుట్టూ తిరిగాయి. ఆ వెనక చేపలు, తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని. జీపు స్టార్టయిన చప్పుడొక్కటే వినపడింది.

నాన్నను ఆ ఏడు పర్మనెంటు చేయలేదు, మరుసటి సీజనుకు పిలవనూ లేదు. మా అమ్మ చాలాకాలం మామ్మతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే ఆవిడ బావిలో నీళ్ళు తోడుకునేది. మామ్మ కూడా ఏమీ అనకుండా చేద తీసి అమ్మ చేతికి అందించేది. ఆ తర్వాత కంపెనీ వాళ్ళే చర్చి ఆవరణలో సిమెంటు తొట్టి కట్టించారు. నా బాప్తిస్మం అందులోనే జరిగింది. మామ్మ వచ్చి ఆమేన్ అంది. బయటికి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "తొట్టి మంచిదేనమ్మా. ఇంక వాగు సంగతి ఎవరూ అడగరు" అంది.

అలాగే అయింది. ఎవరూ అడగలేదు. నాన్నను మళ్ళీ పిలిచారు, ఖాకీ బట్టలిచ్చారు. ముందు వాగు గట్టున ఉన్న బావి రంగు మారింది. తర్వాత కింది పేటలో బావి, ఆ తర్వాత బడి వెనక బావి. మా దాకా రాదులే అని మేం అనుకుంటూనే ఉన్నాం. నేను సెలవుకు వచ్చినప్పుడల్లా, "మన నీళ్ళెలా ఉన్నాయి మామ్మా?" అని అడిగేదాన్ని. "నన్నడుగుతావేంటి, కాపలావాణ్ణి అడుగు" అని బావిలోకి తొంగి చూసేది. మంచాన పడ్డాక కూడా పొద్దున్నే మా అమ్మను పంపి చూడమనేదట. చూడకుండానే చూశానని చెప్పేదాన్నని అమ్మ మొన్న నా దగ్గర ఏడ్చింది.

నేను వెళ్ళేసరికి మామ్మను పెరట్లోకి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. నీళ్ళు తోడే పని నాకిచ్చారు. మొదటి చేద పైకి లాగి తెల్లటి పింగాణీ బేసిన్లో పోశాను. తేటగా ఉన్నాయి. అమ్మ వంగి చూసి, "మన బావికేం కాలేదు, ఆవిడ పుణ్యం" అంది. ఆ నీళ్ళతోనే మామ్మకు స్నానం చేయించాం. మనిషి బాగా చిక్కిపోయింది.

వచ్చినవాళ్ళకు కాఫీ పెట్టాలని ఆడవాళ్ళు బిందెలు తెచ్చారు. నేను మళ్ళీ చేద వదలబోయి లోపలికి చూశాను. నీటికి జానెడు పైన, పొడి రాయి మీద, ఒక పీత కూర్చుని ఉంది. చేద అంచుతో దాన్ని కిందికి నెట్టాను. అది కాళ్ళు ఈడ్చుకుంటూ మళ్ళీ అదే రాయి ఎక్కింది. అప్పుడు కళ్ళు అలవాటుపడి, పక్క సందుల్లో ఉన్నవి కూడా కనిపించాయి.

నేను తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను. "తోడవేంటే?" అని అమ్మ వెనక నుంచి అడుగుతోంది. నాకు గొంతు వణికింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన నాన్న ఖాకీ చొక్కాతో నా పక్కకు వచ్చి బావిలోకి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మ చేతిలోంచి ఖాళీ బిందె తీసుకుని, గట్టు మీద బోర్లించాడు.