ఠాణా అరుగు మీద ఒక పూట

వకీలుగా పేరు నమోదైన కొత్తలో నేను గెలిచిన వాదనలన్నీ మా ఇంటి అద్దం ముందు గెలిచినవే. నిజామాబాదులో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా ఉండేవాణ్ణి. ఆయన ఉర్దూలో చదువుకున్న పాతకాలపు మనిషి. పోలీసులు కారణం లేకుండా ఎవరినైనా సతాయిస్తే అడగడానికి ఆయన, ఒక దర్జీ, ఒక రిటైరైన బడిపంతులు కలిసి చిన్న సంఘం పెట్టుకున్నారు. నాలుగోవాణ్ణి నేను. నన్ను చేర్చుకున్నది ధైర్యం చూసి కాదు, నల్లకోటు ఉందని.

డెబ్బైల మొదట్లో, చెరకు కొట్టే కాలంలో, బోధన్ అవతలి పల్లె నుంచి ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. వాళ్ల ఊళ్లో కూలీలు కూలి పెంచమని పని ఆపారు. భూస్వామి ఠాణాలో చెప్పాడు. అప్పటినుంచి, ముందు నిలబడి అడిగిన మగవాళ్లంతా రోజూ పొద్దున్నే ఠాణాకు పోయి పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చోవాలట. అందులో ఆమె పెనిమిటి కూడా ఉన్నాడు. కేసు లేదు, అరెస్టు లేదు.

"కొడ్తలేరు, తిడ్తలేరు సారూ. ఉట్టిగనే కూసోబెడ్తున్నరు. పనికి పోకుంట జేసుడే గద? ఇంట్ల పొయ్యి ఎట్ల ముట్టియ్యాలె?" అందామె.

పెద్దాయనకు ఆ రోజు వాయిదా ఉంది. "నువ్వు ముందుగాల పో. ఏ కానూను కింద కూసోబెట్టిండో అడుగు, గంతే. కోర్టు అయినంక నేనొస్త," అన్నాడు.

బస్సులో బోధన్ దాకా ప్రసంగం వల్లె వేశాను. పక్కన కూర్చున్న మరాఠీ ఉల్లిగడ్డల వ్యాపారి నా పెదవులు కదలడం చూసి, జపం చేసుకుంటున్నాననుకుని, భక్తితో కొంచెం జరిగి చోటిచ్చాడు.

నేను తిట్లకు సిద్ధపడి పోయాను, మర్యాదకు కాదు. ఠాణాలో నన్ను చూడగానే ఎస్సై లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. మాది నవీపేట్ దగ్గర పసుపు పండించే కుటుంబమని తెలిసి, పంట ఎట్లుందని అడిగాడు. దుంపకుళ్లు తెగులు గురించి వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరికి నేను చేతులు జోడించి, వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. "ఏమన్నడు సారూ?"

"చాయ్ తాపిండు," అన్నాను.

"మంచిది. ఇప్పుడు మళ్ల పోయి అడిగి రాండ్రి," అంది, మరిచిపోయిన ఉప్పు కోసం దుకాణానికి తిప్పి పంపినట్టు.

ఈసారి ఎస్సై లేవలేదు. వల్లె వేసిన దాంట్లో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"వాళ్లను ఎందుకు కూసోబెట్టిండ్రు?" అన్నాను.

"నేనెక్కడ కూసోబెట్టిన వకీల్ సాబ్? వాళ్లే వచ్చి కూసుంటున్నరు. వాళ్ల ఇష్టం."

"అట్లయితే, ఇష్టం లేనోళ్లు ఇంటికి పోవచ్చునా?"

ఆ తర్వాత మా సంఘంవాళ్లు ఈ ప్రశ్నను ఎన్నో సభల్లో మెచ్చుకున్నారు. అందులో ఎత్తుగడ ఏమీ లేదు. నిజంగా అర్థంకాకే అడిగాను.

అరుగు కిటికీ పక్కనే. మాట అక్కడికి వినబడింది. పోవచ్చంటే అందరూ పోతారు, పోకూడదంటే తానే కూర్చోబెట్టినట్టు. ఎస్సై ముందున్న రిజిస్టరు తిరగేయసాగాడు. అంతలో ఆమె పెనిమిటి లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "నాకిష్టం లేదు సారూ, పోతున్న," అని నడక మొదలుపెట్టాడు. ఒకరి వెనక ఒకరు అందరూ లేచారు. జవాన్లు ఎస్సై వంక చూశారు. ఎస్సై నా వంక చూశాడు. నేను గోడ గడియారం వంక చూశాను.

"వాళ్లు పోయిండ్రు గద. నువ్వు కూసో," అన్నాడు. వకీల్ సాబ్ నుంచి నువ్వులోకి దిగడానికి నాకు అంతసేపే పట్టింది.

వాళ్లు ఖాళీ చేసిన అరుగు మీదే కూర్చున్నాను. సింహంలా కూర్చున్నానని తర్వాత ఊళ్లో చెప్పుకున్నారట. జవాను దగ్గినప్పుడల్లా లేచి నిలబడ్డ సింహాన్ని నేను. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తెచ్చిపెట్టింది. "బుగులు పడకుండ్రి సారూ. మావోళ్లు గిన్ని దినాలు కూసున్నరు, ఏమన్న అయిందా?" అని ధైర్యం చెప్పింది. ఇద్దరిలో వకీలు ఎవరో తెలియని మనిషి చూస్తే ఆమే అనుకునేవాడు.

సాయంత్రానికి పెద్దాయన వచ్చాడు. జరిగిందంతా గేటు దగ్గరే ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు. "మా జూనియర్ గూడ ఇష్టంతోనే కూసున్నడా?" అని అడిగాడు. ఎస్సై నవ్వకుండా, "తీస్కపోండ్రి," అన్నాడు.

మర్నాడే కోర్టులో అర్జీ వేశాం. ఎవరినీ ఠాణాకు రమ్మనలేదని ఎస్సై మేజిస్ట్రేటు ముందు చెప్పాడు. ఆ మాటే నమోదు చేయమని పెద్దాయన కోరాడు. ఇక పిలిస్తే కోర్టుకు అబద్ధం చెప్పినట్టే. అంతే, ఆ పల్లెకు మళ్లీ పిలుపు రాలేదు. కూలి మాత్రం అడిగినంత పెరగలేదు. సగం దగ్గర బేరం తెగింది.

నన్ను ఠాణాలో పెట్టారన్న కబురు మా ఊరికి నాకంటే ముందే చేరింది. ఇంటికి పోగానే నన్ను కన్న అవ్వ గడపలో నిలబెట్టి దిష్టి తీసింది. "గంత సదువు సదివి ఠాణాల కూసుంటివా బిడ్డా?" అని కళ్లు తుడుచుకుంది. నన్ను కూర్చోబెట్టే హక్కు వాళ్లకు ఏ చట్టంలోనూ లేదని అవ్వకు వివరంగా చెప్పాను. బాపు మంచం మీంచి అంతా విన్నాడు.

"హక్కు లేకుంటె మరి లేశి రాకపోయినవ్?" అన్నాడు.

నేను కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాను.