వెర్లీన్ కుట్టిన పేరు

అలబామాలోని మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఇరవై రెండేళ్లుగా ఉతుకుతున్నది వెర్లీన్. జెర్సీల వీపు మీద ఆటగాళ్ల పేర్లు కుట్టేదీ ఆమే. నేను పక్క బల్ల దగ్గర హెల్మెట్లు తుడుస్తుంటాను.

కిందటేడు ఆమె కొడుకు డెల్విన్ మా గదిలోనే బట్టలుతికే పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. పందొమ్మిదేళ్లప్పుడు పెట్రోలు బంకు దగ్గర కొట్లాడి ఒకడి దవడ విరగ్గొట్టిన కేసు ఉందని ఆఫీసువాళ్లు కాదన్నారు. "రూల్సు అలా ఉన్నాయక్కా, నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు కోచ్. నాకు ఒళ్లు మండింది గానీ, వెర్లీన్ తర్వాతి జెర్సీ అందుకుని సూదిలో దారం ఎక్కించింది.

ఈ ఆగస్టులో కోచ్ ఒక కొత్త ఆటగాడి పేరు రాసిన చీటీ తెచ్చాడు. అతని మీదా అచ్చం అలాంటి కేసే ఉందని ఊరంతా చెప్పుకుంటోంది. జట్టులోకి తీసుకునేముందు పెట్టే నలభై గజాల పరుగులో మాత్రం అతన్ని అందుకునేవాడు లేడట.

"పేపరోళ్లు ఒకటే గోలక్కా. తప్పు చేసినోడికి ఇంకో అవకాశం ఇవ్వాలా వద్దా, నువ్వే చెప్పు" అన్నాడు.

"ఇవ్వాలి బాబూ. ఎవరు కాదన్నారు?"

ఆటలో ఎవరు లాగినా ఊడిరాకుండా ఆ పేరును రెండు వరసలు కుట్టింది. జెర్సీ మడిచి కోచ్ చేతిలో పెట్టి, అతని మెడలో వేలాడే స్టాప్‌వాచ్ వైపు చూసింది.

"నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాలో అదొక్కటీ చెప్పు బాబూ. గుడ్డలుతికే పనికే అయినా సరే, మావాణ్ణి రేపే గ్రౌండులో దింపుతా."