శత్రువులకు పులిహోర

అప్పట్లో ఆల్బనీలో మాల్ ఇంకా రాలేదు. మా ఇంటి వెనక అంతా గడ్డి భూములే. అందులో ఒకటి పక్కింటి పెద్దాయనది. భార్య పోయాక ఆయనకి మిగిలింది ఒక గూడు బండి, దాన్ని లాగే ఒక ముసలి ఆడగుర్రం. నేను మొదటిరోజే ఆయన్ని అంకుల్ అన్నాను. "నేనెవరికీ అంకుల్‌ని కాదు" అన్నాడు. అయినా అలాగే పిలిచాను.

ఏటా ఎండాకాలంలో ఆయనా, ఆయన క్లబ్బు వాళ్ళూ ఒక పొలంలో చేరి, ఆ కాలపు వేషాలేసుకుని అమెరికా అంతర్యుద్ధం ఆడేవాళ్ళు. ఎప్పుడో అమెరికా వాళ్ళు తమలో తాము కొట్టుకుంటే, సముద్రాలకి ఇవతలున్న మీకేం నొప్పి అని అడిగాను. ఆయన నవ్వలేదు. ఎదురుగా నిలబడి గెలవలేనప్పుడు గుర్రాల వాళ్ళు చుట్టూ తిరిగొచ్చి, అవతలి సైన్యానికి తిండీ మందుగుండూ మోసే బండ్ల మీద పడేవాళ్ళట. మన పెద్దాయనది ఆ బండి. దొంగలు పడే ఇల్లన్నమాట.

అది ఒక్కసారి కూడా తన శిబిరానికి చేరలేదు. ప్రతి ఏడూ కొండ దిగేలోపే గుర్రాల వాళ్ళు వచ్చి చక్రానికి ఎర్రగుడ్డ కట్టేవాళ్ళు. గుడ్డ కడితే బండి తగలబడినట్టు లెక్క.

"గుర్రం ముసలిదైపోయింది. వచ్చే వారం మా అమ్మాయి పొలానికి పంపించేస్తున్నాను. దాంతో ఈ ఒక్కసారైనా చేరాలి" అన్నాడు ఆ ఏడు పెద్దాయన. బండిలో తోడుకి ఒక మనిషి కావాలట.

"నీకెందుకే ఈ తలనొప్పి? వీకెండ్ హాయిగా రెస్ట్ తీసుకోక" అన్నాడు మా ఆయన.

"మీరు తీసుకోండి. నేను యుద్ధానికి వెళ్ళొస్తాను" అన్నాను. వారమంతా ఆ ఇంట్లో గోడలతో మాట్లాడేది నేను, ఆయన కాదు కదా.

క్లబ్బు వాళ్ళిచ్చిన పొడుగు గౌనులో నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. బండిలో గడ్డి నింపిన ఉత్తుత్తి పెట్టెలున్నాయి. వాటి మధ్య నా పులిహోర గిన్నె పెట్టాను. ఇంగువ వాసన దారంతా మాతోనే వచ్చింది.

సరిగ్గా వాగు దగ్గర పట్టుకున్నారు. అరడజను మంది గుర్రాల మీద కేకలేసుకుంటూ వచ్చి చుట్టుముట్టారు. పెద్దాయన ముఖం చూడలేకపోయాను. వాళ్ళ కెప్టెన్ జేబులోంచి ఎర్రగుడ్డ వేలాడుతోంది. సరే, అయిపోయింది కదా, అన్నం తిందామని నేను కిందకి దిగి గిన్నె మూత తీశాను. అంతమంది మనుషులు నిలబడి చూస్తుంటే నేనొక్కదాన్నే ఎలా తింటాను?

"రండి, కొంచెం తిని వెళ్దురుగాని" అన్నాను.

"వద్దు, థాంక్స్" అన్నాడు కెప్టెన్.

మా వైపు మొదటి వద్దు లెక్కలోకి రాదు. మొహమాటం అనుకుని పేపర్ ప్లేటులో పెట్టి చేతికిచ్చాను. ఒక ముద్ద తిన్నాడు. ఆ పైన మిగతావాళ్ళని పిలవాల్సిన పని పడలేదు. ఈ ముసలి బండి ఎక్కడికి పోతుందిలే, గుడ్డ తర్వాత కడదాం అనుకుంటూ అందరూ దిగి, గుర్రాల్ని మేతకి వదిలేశారు. స్పూన్లు తేలేదు, చేత్తో తినండి అన్నాను. మోచేతుల దాకా పూసుకున్నారు పాపం.

"శత్రువుకి అన్నం పెడుతున్నావా?" అన్నాడు పెద్దాయన బండి మీంచి.

"ఆకలికి శత్రువేంటి అంకుల్, మీరూ దిగండి" అన్నాను.

ఆయన దిగలేదు. నేను వడ్డిస్తుంటే వెనక చక్రాలు కదిలిన చప్పుడు. తిరిగి చూసేసరికి బండి వాగు దాటేసింది. కెప్టెన్ లేచాడు, కానీ గుర్రం అల్లంత దూరాన ఉంది, చేతులేమో నూనె. ముసలి గుర్రం అవతలి కొండెక్కిపోయింది. కాసేపటికి అవతల్నుంచి బూర ఊదారు. బండి చేరింది.

ఆయన గెలిచినందుకు సంతోషమే. కానీ నన్నక్కడ శత్రువుల మధ్య గరిటెతో వదిలేసి పోయాడు. ఒళ్ళు మండింది. తిరిగొచ్చాక దులిపేద్దామని ఏమేమి అనాలో వరసగా పేర్చుకుని కూర్చున్నాను.

తనే బండి తోలుకుంటూ వచ్చాడు. "నిన్ను వదిలేశాను" అన్నాడు. నేను గరిటె గిన్నెలో పడేశాను. "నాకేమైనా మిగిలిందా?" అన్నాడు. ఖాళీ గిన్నె చూపించాను. గిన్నె ఒళ్ళో పెట్టుకుని బండెక్కాను.

ఇంటి గేటు దగ్గర బండి విప్పి, గుర్రం మెడకి ముఖం ఆనించి నిలబడ్డాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. నేను పేర్చుకున్న తిట్లన్నీ పక్కన పెట్టేశాను.

"అంకుల్, రేపు మా ఇంటికి భోజనానికి రండి" అన్నాను.

"వద్దు, థాంక్స్" అన్నాడు, తల ఎత్తకుండానే.

నేను కదలకుండా నిలబడి మళ్ళీ పిలిచాను.