నీళ్ల కింది పేరు

ఇస్రాయేలు బావులు తవ్వే మనిషి. జడ్చర్ల చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఆయన రాతికట్టు కట్టిన వ్యవసాయ బావులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఆయన తమ్ముడు బెంజమిన్ చనిపోయాడు. బండ పగలడానికి మందుతూటా పేల్చిన మర్నాడు లోపలికి దిగితే బండ విరిగి మీద పడింది. ఇరవై రెండేళ్లవాడు. పని మాత్రం ఆగలేదు. కట్టు కట్టేటప్పుడు ఇస్రాయేలు ఒక రాయిమీద తమ్ముడి పేరు చెక్కాడు. ఆయనకు చదువు రాదు. పాస్టరుగారు సుద్దముక్కతో రాసిస్తే ఆ గీతల మీదే ఉలి నడిపాడు.

నీళ్లు ఊరాక పేరు మునిగిపోయింది. కరువొచ్చి బావి ఎండినప్పుడల్లా ఆయన దిగి చూసి వచ్చేవాడు. తెలంగాణ వచ్చిన రెండో ఏడూ చూశాడు. ఆ తర్వాత కాలువ నీళ్లొచ్చాయి, బావి మళ్లీ ఎండలేదు. ఊరంతా సంతోషించింది. ఆయనా సంతోషించాడు. కానీ ఆ దారిన పోయినప్పుడల్లా గట్టుమీద కాసేపు కూర్చుని వచ్చేవాడు.

కిందటేడు ఆ భూమి ప్లాట్ల కోసం అమ్ముడుపోయింది. బావి పూడుస్తారని తెలిసేనాటికి ఇస్రాయేలు మంచంలో ఉన్నాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తులను తినేసింది.

"పూడ్వకముందు మీ చిన్నబాపు పేరు ఒక్కపారి సూడాలె బిడ్డా," అన్నాడు కూతురు కోమలతో.

కోమల జడ్చర్లలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. తండ్రి ఆమెకు ఈత నేర్పింది ఆ బావిలోనే. ఫోనును నీళ్లు చొరని కవర్లో పెట్టుకుని మునిగింది. నీళ్లలో వేలు తాకినా ఫోను పలకలేదు. పడిన ఒక్క ఫొటోలో పచ్చటి మసక తప్ప ఏమీ లేదు.

ఫొటో స్టూడియో రామచంద్రం సారును అడిగింది. రెండు నిలువుల లోతులో, చీకట్లో, అక్షరాలు దగ్గరనుంచి తీయాలంటే ఫ్లాషున్న చిన్న కెమెరాయే నయమని, దాన్ని నీళ్లలోకి దింపే గట్టి డబ్బా వేరే కొనాలని చెప్పాడాయన.

"కెమెరా తర్వాత. ముందుగాల డబ్బా దొరుకుతదా సూడు. ఒకదాని డబ్బా ఇంకోదానికి పట్టది."

కొత్తవి ఆమె జీతానికి అందలేదు. మధ్యాహ్నం అన్నం వేళల్లో ఫోనులో పాత మోడళ్లు వెతికింది. కెమెరా దొరికితే డబ్బా లేదు, డబ్బా దొరికితే కెమెరా లేదు. జతకుదిరేసరికి నాలుగు నెలలైంది. సారు చెప్పినట్టే ముందు ఖాళీ డబ్బాలో కాగితం రుమాలు పెట్టి బకెట్లో ముంచింది. రుమాలు తడిసింది. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు ఎండి పగిలి ఉంది. కొత్త రింగు తెప్పించాలి.

అట్లాగే దిగిపోదామా అనుకుంది. ఇస్రాయేలే వద్దన్నాడు. "ఆగు. తడిస్తే మల్ల యాడికెల్లి తెస్తవ్? నాకేం తొందర."

ఆ మాట అన్న పదో రోజు ఊపిరందక దవాఖానలో పోయాడు. రింగు కొరియర్లో వచ్చింది సమాధి చేసిన మూడో నాడు.

ఆ ఆదివారం కోమల ఒక్కతే బావిలో దిగింది. రాయిమీది పాకురు తుడిస్తే నీళ్లన్నీ మురికయ్యాయి. పైకొచ్చి, అవి తేటపడేదాకా గట్టు పట్టుకుని ఉండి మళ్లీ మునిగింది. పదకొండు ఫొటోల్లో ఒక్కదాంట్లో పేరు పడింది. అక్షరాలు కొంచెం వంకరగా, లోతుగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొదటి నెలలోనే ఏదో ఒకటి కొనేసి ఉంటే బాపు చూసేవాడు కదా అని గట్టుమీద చాలాసేపు ఏడ్చింది.

ఇంటికెళ్లి తల్లి బిక్షమ్మకు చూపించింది. బిక్షమ్మకూ అక్షరాలు రావు. ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, కూతురి తడి జుట్టు చూసింది.

"గంత సల్లని నీళ్లల్ల ఒక్కదానివే దిగినవా?" అని అడిగి, కొంగుతో ఆమె తల తుడవసాగింది.

పై వారం టిప్పర్లు వచ్చి బావిని పూడ్చేశాయి.