పొగగొట్టంలో ఆగిపోయిన పిల్లాడు

ఒక కథ ముగింపును నూరు గ్రాముల ఎండుమిరపకాయలతో కలిపి అమ్మేసిన ఘనురాలు బెజవాడ వన్‌టౌన్ మొత్తానికీ నేనొక్కదాన్నే. మొన్న సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ కవర్లో బిగించిన మిరపకాయలు చేతిలోకి తీసుకుని, చదవడానికి ఏమీ లేదే అనుకుని నవ్వుకున్నాను; వెంటనే చెల్లి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

డెబ్బైల్లో నాన్నగారి కిరాణా కొట్టుకి పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలు తూకానికి వచ్చేవి. ఒక వేసవిలో వాటిల్లో అట్ట ఊడిన పిల్లల నవల ఒకటి, విక్టోరియా రాణి కాలపు లండన్ సాహసగాథ, నా కంటబడింది. పొగగొట్టాల్లోకి ఎక్కి మసి దులిపే అనాథ పిల్లాడొకడు, దొంగల మాటలు విన్న పాపానికి, వాళ్ల చేతికి చిక్కకుండా ఓ భవనం పొగగొట్టంలో దాక్కుంటాడు. పదేళ్లకే బేరాలు తెలిసినదాన్ని కనుక ఆరేళ్ల చెల్లితో ఒప్పందం చేసుకున్నాను: నేను రోజుకో అధ్యాయం చదివి వినిపించాలి, పొట్టుపొయ్యి కూరే నా వంతు పని తను చెయ్యాలి. నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసా లాగేశాక మిగిలే నల్లటి బొక్కలోకి తొంగి చూస్తూ, "అక్కా, ఇంతే ఉంటదా వాడి గొట్టం?" అనేది. "ఇంతకన్నా ఇరుకే" అని భయపెట్టేదాన్ని. భయపడ్డ గిరాకీ మర్నాడు తప్పకుండా వస్తుంది కదా మరి.

చదివిన కాగితాలను నాన్నకి తెలియకుండా పొట్లాల దొంతరలో కలిపేసేదాన్ని. ఎనిమిదో రోజు తొందరలో, చదవని ఆఖరి కాగితం కూడా అందులోకే పోయింది. నాన్న దాంట్లో మిరపకాయలు కట్టి పక్కవీధి మామ్మగారికి ఇచ్చారు. పరుగెత్తుకెళ్లి అడిగితే, "అయ్యో తల్లీ, ఇప్పుడే దాంతో పొయ్యి రాజేశానే!" అన్నారావిడ.

నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ పొట్టు కూరే పని మళ్లీ నా నెత్తినపడుతుందని, "వాడు లోపలుండగానే కింద మంట పెట్టారు, మిగతాది రేపు" అన్నాను. చెల్లి మొహం పాలిపోయింది. పొయ్యి వెలిగించొద్దని అమ్మ కొంగు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది; అమ్మ విసుక్కుని వెలిగించింది. వంట దింపి అమ్మ పెరట్లోకి వెళ్లగానే, గుమ్మంలో ఉన్న నాకు చెల్లి గొంతు వినబడింది: "రారా, నా చెయ్యి పట్టుకో." పైకి కనిపించేది బూడిదే, లోపలంతా నిప్పు. నేను అందుకునేలోపే చెయ్యి మోచేతిదాకా వెళ్లిపోయింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

నాన్న దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. తిరిగొచ్చేదాకా నేను వంటింట్లో అడుగు పెట్టలేదు. కట్టుతో వచ్చిన చెల్లి నన్ను తిట్టలేదు. "వాడు బయటికొచ్చాడా?" అంది. వచ్చాడన్నాను. "ఏదీ, కాగితం చూపించు."

ఆనాటినుంచి అది నా నోటిమాట ఏదీ నమ్మలేదు. ఇప్పుడు ఇంటింటా గ్యాసే, కథలోని పిల్లాడి కోసం నిప్పులో చెయ్యి పెట్టే పిల్లలూ లేరు. మంచిదే, అయినా అంతలా నమ్మే మనసుని మళ్లీ ఎక్కడా చూడలేదు. లెక్క దాచకుండా చెబుతున్నాను: నాకు తప్పింది ఎనిమిది రోజుల పొట్టు కూరే పని. ఆ పనికి బదులు ఇచ్చుకున్నది ఈనాటికీ చాపలేని రెండు వేళ్లు. అవీ నావి కావు.