అత్త కింద పెట్టిన సూది

మా మేనత్త పోయిన నెల ఒక మంగళవారం కన్నుమూసింది. పీలమేడులో ఆమె ఇంట్లో శవం చుట్టూ చేరిన పెద్దలు "తలరాత" అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆమెను ఆపిన మనుషులు ఆ వసారాలోనే కాఫీ తాగుతున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

మిల్లు పని మానేశాక అత్త పాత చీరలతో బొంతలు కుట్టేది. సూదిని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. కింద పెట్టి తీసుకోమనేది. "ఇది మూఢనమ్మకం అత్తా" అని నేను ఎగతాళి చేస్తే, "సుమ్మా ఉండురా. సూది చేతికిస్తే చుట్టరికం తెగును. నీకు నోరుండాది, నాకు చుట్టాలుండాల" అనేది. నేను వాదించడం నేర్చుకున్నది ఆ వాకిట్లోనే. ఎంత విసిగించినా అన్నం పెట్టేది.

నిరుడు ఆమె మెడ పక్కన రేగిపండంత గడ్డ లేచింది. వీధి డాక్టరు పరీక్ష లేకుండానే టీబీ అని మాత్రలిచ్చాడు. నెలలు గడిచాయి. గడ్డ నిమ్మకాయంత అయింది, జ్వరం వదల్లేదు, జాకెట్లు వదులయ్యాయి. పెద్దాసుపత్రి డాక్టరమ్మ తేల్చి చెప్పింది: "లింఫోమా అని అనుమానం. గ్రంథులకొచ్చే క్యాన్సర్. సూదితో చిన్న ముక్క తీసి చూస్తే ఏ రకమో తెలుస్తుంది. రకం తెలిస్తేనే మందు."

అత్తకు అన్న అయిన మా పెద్దనాయన అడ్డుపడ్డాడు. "గడ్డకు సూది తగిలితే ఒళ్ళంతా పాకును. ఎదురింటాయన అట్లే పోయె."

"పాకిపోయాక ఆసుపత్రికి పోయి, నేరం సూదిమీద వేస్తారా పెద్దనాయనా?" అని నేను విరుచుకుపడ్డాను. గంటసేపు వాదించాను.

అప్పుడు అత్త మా ఇద్దరి మధ్య నేలమీద సూది పెట్టింది. "నాకు కన్ను ఆనదు. దారం ఎక్కించి పోరా."

"ముందు ఈయనకు బుద్ధి ఎక్కించు" అని ఆ సూదిని దాటుకుంటూ వెళ్ళి, నేనుండే మదురైకి బస్సెక్కాను. మాట్టుతావణి బస్టాండులో దిగేదాకా, గెలిచానన్న గర్వమే.

మూడు నెలలు ఆమెను ఎవరూ ఆసుపత్రికి తీసుకుపోలేదు. మింగుడు పడటం లేదని కబురొస్తే అప్పుడు కదిలాను. గడ్డ దగ్గర మాత్రం మొద్దుబారే మందిచ్చి సూదితో ముక్క తీశారు, నిమిషాల్లో అయిపోయింది. "ఇంతేనా కన్నా? దీనికా మీ పెద్దనాయన అంత అరిచె?" అని నవ్వింది. లింఫోమాయే. ముందే వచ్చి ఉంటే జబ్బు లొంగేదని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త నెమ్మదిగా అంది: "మీరిద్దరూ బాగా మాట్లాడితిరిరా. లే, పోదాం అని ఒకరూ అనలేదు."

రెండో విడత మందును ఒళ్ళు తట్టుకోలేదు.

మూఢనమ్మకం చంపిందని రాసి ఊరుకోవడం నాకు సులువే. కానీ చెయ్యి పట్టుకుని లేపని నా హేతువాదం ఆమెకేం పనికొచ్చింది?

దినకర్మ అయ్యాక ఆమె మంచం కింద సగం కుట్టిన బొంత దొరికింది. దాని అంచున ఆ సూది గుచ్చి ఉంది. బెజ్జంలో దారం లేదు.